మాటకు అందని దిగులు గీతకు అందింది

చంద్రగిరి: మనిషి నలుగురిలో కూర్చోడు. అన్నం సయించదు. తెల్లవారక ముందే మెలకువ వచ్చేస్తుంది. మన చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటివారిని చూసి గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదా సోమరి అంటారు. అది కుంగుబాటు అనే జబ్బు కావచ్చునన్న ఆలోచన చాలా ఆలస్యంగా వస్తుంది. అడిగితే ఆ మనిషి చెప్పేది ఒక్కటే: "ఏమో, మనసు బాగాలేదు." అంతకు మించి మాట రాదు.

మాటలకు కొదవలేని రవీంద్రనాథ్ టాగూరుకే ఒక దశలో మాట చాలలేదు. ఆయన 1919లో మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి వచ్చి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. 1913లో నోబెల్ బహుమతి వచ్చిన కొద్దికాలానికే, చచ్చిపోవాలనిపిస్తోందని ఆయన కుమారుడు రథీంద్రనాథ్‌కు ఉత్తరం రాశారన్నది మాత్రం అంతగా తెలియదు. అప్పటికే 1902లో భార్యను, 1903లో కుమార్తె రేణుకను, 1907లో చిన్నకొడుకు శమీంద్రనాథ్‌ను పోగొట్టుకున్నారు.

ఆయన బొమ్మలు కొట్టివేతల్లోంచి పుట్టాయి. రాతప్రతిలో నచ్చని మాటను కొట్టేసి, ఆ గీతలను కలుపుకుంటూ పోయి పక్షిగానో వింత జంతువుగానో మలిచేవారు. 1924 నాటి 'పూరబి' రాతప్రతిలో ఇవి కోకొల్లలు. అరవై దాటాక అదే పెద్ద వ్యాపకమై రెండువేలకు పైగా బొమ్మలు గీశారు. 1930లో పారిస్‌లో ప్రదర్శించారు. చీకటి రంగులు, ముసుగు మాటున ఆడవారి ముఖాలు, నవ్వని కళ్లు. చాలావాటికి పేరైనా పెట్టలేదు. ఇవన్నీ జబ్బు బొమ్మలేననడం తొందరపాటు. కాని ఆయన పాటల్లో తొంగి చూడని చీకటి ఏదో వీటిలో ఉన్నదని చూసినవారికి అనిపించక మానదు.

ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు క్షయతో శానిటోరియంలో ఉండగా బొమ్మలు గీస్తూ తేరుకున్నారు, తోటి రోగుల చేతా గీయించారు. (శానిటోరియమంటే మనకు గుర్తొచ్చేది ఆరోగ్యవరమే.) 1942లో ఈ పద్ధతికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టింది ఆయనే.

దీనికి చిత్రకళ నేర్చి ఉండనక్కరలేదు. కాళహస్తి కలంకారీ పనివారు వాడే చింతబొగ్గు లాంటి బొగ్గుముక్క, పాత క్యాలెండరు వెనుక వైపు చాలు. గీసినదాన్ని చూసి బాగుందనీ బాగాలేదనీ తీర్పు చెప్పకుండా, "ఇదేమిటి?" అని అడిగి ఓపికగా వినాలి. అయితే బొమ్మ మందుకు బదులు కాదు. దిగులు రెండు వారాలకు మించి వదలకపోయినా, చావు మాట నోట వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి. తిరుపతి ఇక్కడికి కూతవేటు దూరం. 2022లో మొదలైన 'టెలిమానస్' నంబరు 14416కు ఏ వేళ ఫోను చేసినా తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు.