పాత మ్యాచ్ రైఫిల్ కొనేటప్పుడు ఏం చూడాలి?

2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచారు. 2012లో లండన్‌లో, మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచారు. ఇద్దరిదీ ఒకటే పోటీ, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. కొడుక్కి రైఫిల్ కొనిపెట్టడానికి నారంగ్ తల్లిదండ్రులు స్థలం అమ్ముకున్నారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అమ్ముకోవడానికి స్థలాలే ఉంటే మనం ఈ హాస్టల్‌కు ఎందుకు వస్తాం?

ఎన్.సి.సి. క్యాంపులో నాలుగు గుండ్లు పేల్చి వచ్చిన తమ్ముళ్లు "అన్నా, ఈ ఆట మనకు కుదురుతుందా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. కుదురుతుంది. పతకాల సంగతి తర్వాత, ముందు ఆదివారం పూట శ్రద్ధగా గురి చూసి కాల్చుకోవడానికి రెండు లక్షలు దాటే కొత్త జర్మనీ రైఫిల్ అక్కర్లేదు. పాతది చాలు. అయితే ఏ పాతది అన్నది తెలిసి ఉండాలి. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. ఇలాంటివి చెప్పే పెద్దలు ఇంట్లో ఎవరూ లేరు కనుక మేము చూసి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

జాతరలో బుడగలు పేల్చే ఎయిర్‌గన్ గొట్టం, మ్యాచ్ రైఫిల్ గొట్టం రెండూ 4.5 మిల్లీమీటర్లే. తేడా కుదుపులో ఉంది. మామూలు ఎయిర్‌గన్‌లో స్ప్రింగు విడుదల కాగానే, పెల్లెట్ ఇంకా గొట్టం దాటకముందే తుపాకీ అదురుతుంది. పోటీ టార్గెట్ మీద పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అంత చిన్న చుక్కకు ఆ అదురుతో గురి నిలవదు. మ్యాచ్ రైఫిల్‌లో ఆ అదురు లేకుండా చేశారు. దీనికి బలం కూడా ఎక్కువ ఉండదు. సుమారు 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఇంటర్‌లో చదివిన గతిశక్తి సూత్రంలో వేసి చూడండి, ఏడున్నర జౌళ్ల దగ్గర తేలుతుంది.

మన జేబుకు మేలు చేసేది ఇదే. బలం తక్కువ, పైగా పెల్లెట్ మెత్తటి సీసం. అందువల్ల ఉక్కు గొట్టం అంత తొందరగా అరగదు. తుప్పు పట్టనిస్తే తప్ప ముప్పై ఏళ్ల నాటి గొట్టం కూడా చక్కగా కొడుతుంది. పాడయ్యేవి లోపలి సీళ్లు, రబ్బర్లు. కాబట్టి పాత రైఫిల్ కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్నేళ్లది?" అని కాదు. "సీలు పోతే మార్చగలమా?" అని.

పాతవాటిలో మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది అదురు లేని స్ప్రింగు రైఫిల్. ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ ఇందులో పేరున్నది. పేల్చినప్పుడు దాని గొట్టం, యంత్రభాగం కలిసి పట్టాల మీద వెనక్కి జారతాయి, భుజానికి మాత్రం ఏమీ తెలియదు. దాని పిస్టన్‌కు ఉక్కు రింగు ఉంటుంది కాబట్టి చాలాకాలం వస్తుంది. డయానా 75లో ఎదురెదురుగా కదిలే రెండు పిస్టన్లు ఒకదాని కుదుపును మరొకటి రద్దు చేస్తాయి. ఆలోచన ఎంతో అందమైనదే. కాని వాడినా వాడకపోయినా దాని పాత సీళ్లు కాలంతో పొడిపొడి అవుతాయి, మార్చాలంటే మొత్తం విప్పాలి. సీళ్లు మార్చినట్టు రుజువు చూపిస్తేనే దాని గురించి మాట్లాడండి.

రెండో రకంలో స్ప్రింగు ఉండదు. పక్కనున్న లీవరు ఒక్కసారి లాగి మూస్తే గాలి లోపల నొక్కుకుని నిలుస్తుంది. ఫైన్‌వెర్క్‌బావ్ 600, 601, వాల్థర్ ఎల్‌జీఆర్ ఇలాంటివి. బయటి నుంచి గాలి నింపే పని లేదు, మన చెయ్యే పంపు. పూటకు అరవై సార్లు లీవరు నొక్కాలంటే కొందరికి చెయ్యి లాగుతుంది. సెలవుల్లో పొలం పనికి వెళ్లే మనవాళ్లకు అదొక లెక్క కాదు. దీన్ని పరీక్షించడం కూడా తేలిక. లీవరు మూసిన వెంటనే ఒకటి కాల్చండి. ఇంకోసారి మూసి, మూడు నాలుగు నిమిషాలు టార్గెట్ వైపే ఉంచి, అప్పుడు కాల్చండి. రెండో పెల్లెట్ బాగా కిందికి పడితే గాలి కారుతున్నట్టే.

మూడోది గాలి సిలిండరు రైఫిల్. నేటి పెద్ద పోటీలన్నీ దీనితోనే. కాల్చడానికి అన్నిటికన్నా హాయి, కొనడానికి అన్నిటికన్నా మోసం. సిలిండరు మీద తేదీ ముద్ర ఉంటుంది. చాలా కంపెనీలు దానికి పదేళ్లే గడువు ఇస్తాయి. గడువు దాటితే పోటీలో ఒప్పుకోరు, నింపడం కూడా ప్రమాదం. రేటు ఎందుకు అంత తగ్గిందో ఆ ముద్ర చూస్తే తెలుస్తుంది. కొత్త సిలిండరు ధర కలిపి లెక్క వేసుకోవాలి. సాధారణంగా 200 బార్ల గాలి కావాలి. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త పైన. కాబట్టి పంక్చరు షాపులో పని జరగదు, దాని కోసం ప్రత్యేక పంపో పెద్ద సిలిండరో ఉండాలి.

మా మాట అడిగితే రెండో రకం మంచిది, అది దొరక్కపోతే 300ఎస్.

చూడ్డానికి వెళ్లేటప్పుడు మంచి పెల్లెట్లు మీరే తీసుకెళ్లండి. బల్ల మీద ఇసుక సంచి ఆనించి 10 మీటర్లలో అయిదు కాల్చండి. అయిదూ కలిసి కందిగింజంత కన్నం అయితే రైఫిల్ మంచిదే. చెదిరితే గొట్టం మూతి చూడండి. చెవిలో పెట్టుకునే దూది పుల్లను మూతి అంచు చుట్టూ తిప్పితే, ఎక్కడ గరుకు ఉందో అక్కడ దూది పీచు తగులుకుంటుంది. వెనకటి డయాప్టర్ సైటు ఉందా, రెండు మరలూ క్లిక్కుమంటూ తిరుగుతున్నాయా చూడాలి. "సైటు తర్వాత పంపిస్తాను" అంటే ఆ బేరం వదిలేయండి, అది విడిగా చాలా ఖరీదు. చెక్క ఎడమచేతి వాటానికి చేసిందేమో గమనించండి. రైఫిల్ కాక్ చేసి టార్గెట్ వైపు పెట్టి, వెనక చెక్కను అరచేత్తో గట్టిగా తడితే పేలకూడదు. ఇంకొక జాగ్రత్త. స్ప్రింగు రైఫిల్‌లో పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో లీవరు పట్టుకునే ఉండాలి. లోపలి పట్టు తప్పితే బొటనవేలు పోతుంది.

2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. కాని ఇవి విదేశీ రైఫిళ్లు, ఎవరో షూటరు దిగుమతి చేసుకున్నవి. ఆ దిగుమతి కాగితాలు, అమ్మిన రసీదు చేతికి రానిదే డబ్బు ఇవ్వొద్దు. హాస్టల్ గదిలో పెట్టే ఆలోచన అసలే వద్దు, వార్డెన్ గారు ఒప్పుకున్నా సరే. రేంజ్‌లో తాళం వేసే చోటే దాని చోటు.

ఒక్కడి వల్ల కాకపోతే నలుగురు కలిసి కొనండి. మేము ట్యూషన్ల డబ్బులతో అలాగే కొన్నాం. అలాంటప్పుడు వెనక బట్ ప్లేటు ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ జరిగే రైఫిల్ చూసుకోవాలి, లేకపోతే పొట్టివాడికి సరిపోయింది పొడుగువాడికి మెడనొప్పి తెస్తుంది. బరువు నాలుగున్నర, అయిదు కిలోల దాకా ఉంటుంది, చిన్నవాళ్లు కొనేముందు నిలబడి పది నిమిషాలు పట్టుకుని చూడాలి. తర్వాత మిగిలే ఖర్చు పెల్లెట్లదే. వారానికి అరవై చొప్పున కాల్చేవాడికి 500 పెల్లెట్ల డబ్బా రెండు నెలలు వస్తుంది. అది సీసం కాబట్టి, కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడిగే మెస్సుకు రండి.