హ్యాండ్‌బ్రేక్ దించాక కారును పట్టి ఉంచేదేది?

2023 నవంబర్ 13. హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంట్‌కు నిప్పంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. కింద కారు బాగుచేస్తుండగా రేగిన నిప్పురవ్వలు అక్కడున్న రసాయనాల డ్రమ్ములకు అంటుకున్నాయని అధికారులు అప్పట్లో ప్రాథమికంగా చెప్పారు. అబిడ్స్, నాంపల్లి గల్లీల్లో కారు చక్రం విప్పాలంటే సెల్లారో, ఇంటి ముందు రోడ్డో తప్ప జాగా దొరకడం కష్టం. అందుకే డిస్కు మీద ప్యాడ్లను నొక్కే బ్రేక్ కాలిపర్ కన్నా ముందు జాగా సంగతి చెబుతున్నాను. బ్రేక్ క్లీనర్ స్ప్రేల్లో చాలావాటికి ఇట్టే నిప్పంటుకుంటుంది. గాలి ఆడని సెల్లార్‌లో, రసాయనాల డ్రమ్ముల పక్కన ఆ పని వద్దే వద్దు.

ఆల్టో లాంటి చిన్న కార్లకు వెనక డ్రమ్ము బ్రేకులే. వెనక డిస్కులున్న చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ కాలిపర్‌లోనే ఉంటుంది. కాలిపర్ ఊడదీయాలంటే హ్యాండ్‌బ్రేక్ దించక తప్పదు. ఆగిన కారును పట్టి ఉంచేదాన్నే వదిలేసి, వెనక చక్రాన్ని గాల్లోకి లేపుతున్నామన్నమాట. చదునైన నేల చూసుకోండి. ముందు 2 చక్రాలకూ ఇటూ అటూ కలిపి 4 అడ్డుచెక్కలు పెట్టండి. ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే కారైతే మొదటి గేరులోనూ ఉంచండి. జాకీ ఎత్తడానికే, బరువు మోయాల్సింది స్టాండు. బటన్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే కంపెనీ చెప్పిన పద్ధతిలో సర్వీస్ మోడ్‌లో పెట్టాకే బోల్టు ముట్టుకోండి.

ఊడదీసిన కాలిపర్‌ను బ్రేక్ పైపుకు వేలాడనివ్వకండి, తీగతో కట్టండి. ప్యాడ్ల కోసమే అయితే పైపు విప్పనక్కర్లేదు. విప్పితే 2 రాగి వాషర్లూ కొత్తవి వేసి, ఎయిర్ తీయాల్సిందే. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఉన్న కాలిపర్‌లో పిస్టన్‌ను సాధారణంగా తిప్పుతూ లోపలికి పంపాలి. ముందు చక్రాల పిస్టన్‌లా క్లాంపుతో నొక్కితే లోపలి మర పాడవుతుంది.

బిగింపు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. 30 న్యూటన్ మీటర్లంటే 25 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 12 కిలోల బలం. ఆ పానాకు పైపు తొడిగి 1 మీటరు చేస్తే, అదే 12 కిలోలకు 120 న్యూటన్ మీటర్లు పడుతుంది. చేతికి తేడా తెలియదు, బోల్టు మర మాత్రం తెగుతుంది. మీ కారు పుస్తకంలోని అంకె చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించండి.

బ్రేక్ ఫ్లూయిడ్ సంగతీ అంతే. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చినదైతే 155 దగ్గరే మరగొచ్చు. 1,200 కిలోల కారు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే దాదాపు 1,67,000 జౌళ్ల శక్తిలో చాలావరకు బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఎప్పుడో మూత తీసిన సీసా వాడకండి.

పిస్టన్ లోపలికి వెళ్లింది కాబట్టి మొదటిసారి నొక్కితే పెడల్ నేలకు దిగిపోతుంది. గట్టిపడేదాకా ఆగిన కారులోనే నొక్కుతూ ఉండండి. గట్టిపడలేదా, రోడ్డు మీదికి కారు తీయకండి. మెకానిక్‌నే కారున్న చోటికి పిలిపించండి.