చిగుళ్ల నలుపు - చిరునవ్వు

చిరునవ్వులో కనబడునవి పండ్లు మాత్రమే కావు. పండ్లను చుట్టియున్న చిగుళ్లును కనబడును. వాని రంగు, ఎత్తు, అంచుల తీరు నవ్వునకు ఒక రూపమును కల్పించును. నల్లని చిగుళ్లను గులాబి రంగునకు మార్చు చికిత్సలు, ఎత్తైన చిగుళ్లను తగ్గించు చికిత్సలు నేడు దంతవైద్యశాలలలో జరుగుచున్నవి. తమ చిగుళ్ల నలుపు ఒక రోగమేమోయని నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వు విద్యార్థులును గలరు. కావున ఈ నలుపు ఎక్కడినుండి వచ్చునో, ఈ చికిత్సలు ఏమి చేయునో తెలిసికొనుట మంచిది.

చిగుళ్ల పైపొర అడుగుభాగమున మెలనోసైట్లు అను జీవకణములు గలవు. ఇవి మెలనిన్ అను రంగు పదార్థమును తయారుచేసి ఇరుగుపొరుగు కణములకు పంచిపెట్టును. మన చర్మమునకు, వెండ్రుకలకు రంగు నిచ్చునదియు ఈ మెలనినే. తెల్లవారిలోను, నల్లవారిలోను ఈ కణముల సంఖ్య ఇంచుమించు సమానమే. అవి తయారుచేయు రంగు పరిమాణములోనే భేదము. గుంటూరు, ప్రకాశం మైదానములలోని రేగడినేలకు నలుపు ఎట్లు సహజమో, అచ్చటి ప్రజలలో అనేకుల చిగుళ్లకును అట్లే సహజము. అది రోగము కాదు.

అయితే ఆ మైదానములలో పండు పొగాకు కూడ చిగుళ్లను నల్లబరచును. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారికి ముఖ్యముగా ముందరి పండ్ల చిగుళ్లలో మెలనిన్ అధికముగా చేరును. అలవాటు మానినచో కాలక్రమమున ఆ నలుపు తగ్గును. ఇది కత్తితో పనిలేని చికిత్స.

సహజమైన నలుపును తీసివేయగోరువారికి వైద్యుడు మత్తుసూది వేసి, రంగుగల పైపొరను కత్తితోగాని, లేసరు కిరణములతోగాని తొలగించును. ఒకటి రెండు వారములలో అచ్చట క్రొత్త పొర పెరుగును. అది మొదట గులాబి రంగుననే యుండును. కాని అంచులలో మిగిలిన మెలనోసైట్లు మరల లోపలికి ప్రాకి వచ్చినచో, కొన్ని నెలలకో, సంవత్సరములకో నలుపు తిరిగి కనబడవచ్చును. ఈ సంగతి ముందుగనే తెలిసియుండవలెను.

నవ్వినపుడు చిగుళ్లు మితిమీరి కనబడుటకు కారణములు పెక్కు: పై పెదవి పొట్టిగా నుండుట, పై దవడ పొడవుగా నుండుట, చిగుళ్లు పండ్లను అధికముగా కప్పుట. చివరిదానికి మాత్రమే చిగుళ్ల అంచును కత్తిరించుట తగిన చికిత్స. అందులోను ఒక హద్దు గలదు. దవడ ఎముకకు పైన చిగుళ్లు పంటికి అతుకుకొనియుండు పట్టీ యొకటి యున్నది. 1961లో గార్జులో, వెంట్జ్, ఆర్బన్ అను శాస్త్రజ్ఞులు దీని సగటు ఎత్తు 2.04 మిల్లీమీటర్లని కొలిచి ప్రకటించిరి. ఈ పట్టీకి చోటు మిగుల్చక కోసినచో చిగుళ్లు వాచును, ఎముక అరుగును. కావుననే వైద్యుడు ముందుగా ఎముక ఎచ్చట నున్నదో కొలిచి చూచును.

రంగుకంటె రక్తము ముఖ్యమైనది. పండ్లు తోముకొనునపుడు నెత్తురు వచ్చుట, చిగుళ్లు వాచుట సాధారణముగా రోగచిహ్నములు. పండ్ల మొదళ్లయందు చేరిన పాచిలోని బాక్టీరియాలు దీనికి మూలము. పాచి గట్టిపడి గారయగును. రోగము ముదిరినచో ఎముక కరగి పండ్లు కదలును. ఆరోగ్యముగల నోటిలో మిరపకారపు మంట కొద్దిసేపటిలో అణగును. పుండైన చిగుళ్లపై అది దుర్భరమగును. పొగత్రాగువారి విషయమున మోసమొకటి గలదు: పొగాకు ప్రభావముచే చిగుళ్లనుండి నెత్తురు తక్కువగా వచ్చును. రోగము లోలోపల పెరుగుచున్నను బయటికి తెలియదు.

నవ్వును మార్చు మచ్చలన్నియు చిగుళ్లవి కావు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములలో పండ్లపై కనబడు గోధుమరంగు చారలకు కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడు. అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ప్రాంతమున ఫ్లోరైడు వ్యాధి యున్నదని షార్ట్, అతని సహచరులు 1937లో ప్రకటించిరి. బాల్యమున పండ్లు ఏర్పడు కాలముననే పింగాణీపొరలో ఈ మచ్చ చేరును. దానికి నివారణ మంచినీటిలో నున్నది; చిగుళ్ల చికిత్సలో లేదు.

చిన్ననాటినుండి మారక, రెండువైపుల ఒకే తీరున నున్న నలుపునకు భయపడ నక్కరలేదు. ఒక్కచోట క్రొత్తగా పుట్టి పెరుగు నల్లమచ్చ, గీకినను పోని తెల్లమచ్చ, రెండు వారములలో మానని పుండు కనబడినచో వెంటనే వైద్యునికి చూపవలెను. రోజునకు రెండుమార్లు మెత్తని బ్రష్షుతో పండ్లు తోముకొనవలెను. బొగ్గు, ఇటుకపొడి వాడరాదు. అందముకొరకు చేయించుకొను చికిత్స ఎవరి ఇష్టము వారిది. కాని ముందుగా రోగమును మాన్పుకొని, పిమ్మట రంగు సంగతి ఆలోచింపవలెను. నల్లగానున్నను, గట్టిగా నెత్తురు కారక యుండు చిగుళ్లు ఆరోగ్యమైనవే. వానిని చూపి నవ్వుటకు ఎవరును సిగ్గుపడ నక్కరలేదు.