మల్లెతీగని గుర్తుపట్టడం, కుండీలో పెంచడం

అమెరికాలో ఏ నర్సరీకైనా వెళ్ళి "జాస్మిన్ కావాలి" అని అడిగితే మూడు నాలుగు రకాల తీగలు చూపిస్తారు. అన్నీ వాసన వేసేవే, చాలావరకు తెల్లపూలే. వాటిలో మన మల్లె ఏది, పేరుకి మాత్రమే జాస్మిన్ అయినది ఏది అనేది కుండీకి తగిలించిన చీటీ చూసి తేల్చడం కష్టం. పొరపాటున వేరే తీగ కొంటే ఏళ్ళ తరబడి నీళ్ళు పోసినా మల్లెపువ్వు పూయదు. అంతకంటే ముఖ్యం, ఆ తీగల్లో ఒకటి విషం. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు దాన్ని తప్పకుండా గుర్తుపట్టగలగాలి.

మన మల్లె శాస్త్రీయ నామం జాస్మినమ్ సంబాక్. ఇక్కడ దీన్ని "అరేబియన్ జాస్మిన్" అని అమ్ముతారు. పుట్టిల్లు మన వైపే అయినా పేరు మాత్రం అరేబియాది! 1753లో లిన్నేయస్ దీనికి పేరు పెట్టినప్పుడు మన పారిజాతం ఉన్న కుదురులోనే చేర్చాడు. 1789లో ఐటన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని మల్లెల వర్గానికి మార్చాడు. ఫిలిప్పీన్స్ దేశానికి 1934 నుంచి ఇదే జాతీయ పుష్పం. వాళ్ళు "సంపగీత" అంటారు. మీ ఊళ్ళో ఫిలిపినో కుటుంబాలుంటే అడిగి చూడండి, పెరట్లో మల్లె ఉన్నా ఉండొచ్చు.

ఇందులో మూడు రకాలు తేలిగ్గా దొరుకుతాయి. "మెయిడ్ ఆఫ్ ఓర్లియన్స్" ఒంటి రేకుల మల్లె, విరగబూస్తుంది. "బెల్ ఆఫ్ ఇండియా"కి రేకులు ఎక్కువ, పొడుగు. "గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ" చిన్న గులాబీలా ముద్దగా పూస్తుంది, కానీ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మొదటిసారి పెంచేవాళ్ళకి మా సలహా మెయిడ్ ఆఫ్ ఓర్లియన్సే.

గుర్తుపట్టడానికి ముందు ఆకు చూడండి. మల్లెకి ఒక్కో కణుపు దగ్గర విడి ఆకులు ఎదురెదురుగా రెండు, ఒక్కోసారి మూడు ఉంటాయి. జాజికి అలా కాదు, ఒకే ఈనె మీద ఐదు, ఏడు చిన్న ఆకులు వేపరెబ్బలా వరసగా ఉంటాయి. చలికాలం చివర్లో షాపుల్లో గులాబిరంగు మొగ్గలతో అమ్మే "పింక్ జాస్మిన్" ఆకు కూడా ఇలాగే ఉంటుంది. అదీ అసలైన జాస్మినే గాని మల్లె కాదు. శరదృతువులో కొన్ని వారాలు చల్లగా ఉంచకపోతే మొగ్గ తొడగదు.

తరువాత పాల పరీక్ష. పిల్లలూ, నందివర్ధనం ఆకు తుంచితే పాలు కారతాయని అమ్మమ్మ చెప్పిందా? "స్టార్ జాస్మిన్" అని అమ్మే తీగ ఆ కుటుంబానిదే. ఆకు తుంచితే తెల్లటి పాలు వస్తాయి, పువ్వు రేకులు గాలిమరలా ఒక పక్కకి తిరిగి ఉంటాయి. "మడగాస్కర్ జాస్మిన్" కూడా ఇదే కుటుంబం, దానికి ఆకులు దళసరిగా, పూలు మైనంతో చేసినట్టు ఉంటాయి. అసలైన మల్లెజాతికి పాలు రావు. ఈ పరీక్ష పెద్దవాళ్ళే చేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇక విషం సంగతి. "కరొలినా జెస్సమిన్" దక్షిణాది రాష్ట్రాల్లో కంచెల మీద విరివిగా అల్లుకునే పచ్చపూల తీగ. 1924 నుంచి సౌత్ కరొలినా రాష్ట్ర పుష్పం. పువ్వు గరాటులా ఉంటుంది, వాసన బాగుంటుంది. కానీ ఆకు, పువ్వు, వేరు, మకరందం అన్నీ విషమే. హనీసకిల్ అనుకుని దీని తేనె పీల్చిన పిల్లలకి ప్రమాదం జరిగిన సందర్భాలున్నాయి. పచ్చపూల జాస్మిన్ అని ఎవరైనా ఇస్తే ఇంట్లోకి తేవద్దు, ఆ పూలు మాల కట్టవద్దు. ఎవరైనా నోట్లో పెట్టుకుంటే వెంటనే పాయిజన్ కంట్రోల్‌కి 1-800-222-1222 నంబరులో ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా నేరుగా 911.

పెంపకం అంత కష్టం కాదు. మల్లెకి ఎండే ప్రాణం. రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. కుండీకి అడుగున చిల్లు ఉండాలి, మట్టి పైపొర ఆరాక నీళ్ళు పోయాలి. ఆకులు గుబురుగా వచ్చి పూలు రాకపోతే, ఎండ చాలకపోవడమో, నత్రజని ఎరువు ఎక్కువవడమో కారణం. పచ్చికకి వేసే ఎరువు దీనికి వేయకండి.

రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగుతోందంటే కుండీ లోపలికి తేవాలి. తెచ్చేముందు ఆకుల వెనక పురుగు ఉందేమో చూసి, నీళ్ళతో బాగా కడగాలి. హీటర్ వేడికి గాలి పొడిబారి ఎర్రనల్లి పడుతుంది. వారానికోసారి షవర్ కింద ఆకులు తడిపితే అదుపులో ఉంటుంది. లోపలికి తెచ్చాక కొన్ని ఆకులు రాలడం సహజం, కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోయకండి, వేళ్ళు కుళ్ళిపోతాయి. మల్లె కొత్త చిగుళ్ళ మీదే పూస్తుంది కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో మూడోవంతు కత్తిరించవచ్చు. మంచు భయం పోయాక మొదట నీడలో పెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా ఎండకి మార్చాలి.

పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంట్లో ఉన్న మనీప్లాంటు పూయదేం? అది ఎంత బాగా పెంచినా మామూలుగా పూయదు. పూత పట్టడానికి కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోను దానిలో సరిగా తయారు కాదని 2016లో శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు.

ఇండియా నుంచి సూట్‌కేసులో మల్లె అంటు తెచ్చే ఆలోచన మానుకోండి. ఎయిర్‌పోర్టులో చెప్పకుండా తెస్తే జరిమానా పడుతుంది. ఒక్క మొక్క ఉంటే చాలు, ఇక్కడే అంట్లు కట్టుకోవచ్చు. వేసవిలో ఒక పొడుగాటి కొమ్మని వంచి, కణుపు దగ్గర కొంచెం గీరి, పక్క కుండీ మట్టిలో తొక్కి పైన రాయి పెట్టండి. తడి ఆరకుండా చూస్తే కొన్ని వారాల్లో వేళ్ళు పోస్తుంది. అప్పుడు తల్లితీగ నుంచి కోసి స్నేహితులకి ఇవ్వండి. ఇచ్చేముందు పిల్లల చేత చీటీ మీద తెలుగులో "మల్లె" అని, దాని కింద "సంబాక్" అని రాయించి కుండీకి కట్టండి.