గర్భిణికి కావలసింది శిక్ష కాదు, చికిత్స
మాదక ద్రవ్యాల వ్యసనం ఉన్న తల్లుల పట్ల మారుతున్న వైద్య దృక్పథం

న్యూఢిల్లీ : సివిల్ సర్వీసుల శిక్షణ కేంద్రాలకు దేశమంతటా పేరొందిన ముఖర్జీనగర్‌కు చేరువలో, కింగ్స్‌వే క్యాంపులోని సేవా కుటీర్ ఆవరణలో, మత్తుమందులకు అలవాటుపడిన బాలుర కోసం 2010వ దశకంలో చికిత్సా కేంద్రం ఏర్పాటయింది. అంతకు ముందు 1980వ దశకం చివర, ఉత్తర ఢిల్లీ డిప్యూటీ పోలీసు కమిషనర్‌గా ఉన్న కిరణ్ బేడీ పోలీసు స్టేషన్లలోనే వ్యసన విమోచన కేంద్రాలు తెరిపించారు. ఆ కృషి ఫలితంగా 1988లో నవజ్యోతి సంస్థ ఆవిర్భవించింది. అయితే దేశంలో ఇటువంటి సేవలు ప్రధానంగా పురుషులను దృష్టిలో ఉంచుకొని రూపొందినవే. వ్యసనానికి లోనైన స్త్రీ గర్భం దాల్చితే ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న చాలాకాలం మరుగునే ఉండిపోయింది.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ తరఫున అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో నల్లమందు, హెరాయిన్ తరగతి మత్తుపదార్థాలు వాడేవారు సుమారు 2.26 కోట్ల మంది. మద్యం సేవించేవారు పురుషులలో 27.3 శాతం కాగా, స్త్రీలలో 1.6 శాతం. స్త్రీల సంఖ్య తక్కువే అయినప్పటికీ, లోకనిందకు వెరచి వారు వైద్యుని వద్దకు రావడం మరింత అరుదు. గర్భిణి అయితే, బిడ్డను తన నుంచి వేరు చేస్తారేమోనన్న భయం కూడా తోడవుతుంది.

హఠాత్తుగా మాన్పించరాదు

గర్భిణి చేత మత్తుమందును వెంటనే మాన్పించడమే మేలని సామాన్యంగా భావిస్తారు. హెరాయిన్ వంటి వాటి విషయంలో ఇది పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, అటువంటి గర్భిణులకు వైద్య పర్యవేక్షణలో మెథడోన్ లేదా బుప్రినార్ఫిన్‌ను క్రమబద్ధంగా ఇవ్వడమే మేలు. ఒక్కసారిగా మానితే కలిగే బాధను తాళలేక మళ్ళీ పాత అలవాటుకే మరలే ప్రమాదం ఎక్కువ. నిద్రమాత్రల తరగతి మందులనైతే మోతాదు తగ్గిస్తూ క్రమేణా మాన్పించాలని, గర్భిణి పరీక్షకు వచ్చిన ప్రతిసారీ మద్యం, మత్తుమందుల వాడకం గురించి అడిగి తెలుసుకోవాలని ఆ సంస్థ సూచించింది.

తెలుగువారికి ఈ సూచన పరాయిది కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు అరికట్టినపుడు, అందులో కలిపే మత్తుమందులకు అలవాటుపడినవారు వణుకు, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం రోగులతో కిక్కిరిసింది. హఠాత్తుగా మానడం ఎంత ప్రమాదకరమో ఆ అనుభవం చాటింది.

తల్లి వాడిన మందు ప్రభావం వల్ల కొందరు శిశువులు పుట్టిన కొద్ది రోజులలో వణకడం, ఎడతెగక ఏడవడం, పాలు సరిగా తాగకపోవడం జరుగుతుంది. ఇది చికిత్సకు లొంగే స్థితి. 2010లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, బుప్రినార్ఫిన్ తీసుకున్న తల్లుల శిశువులకు, మెథడోన్ తీసుకున్నవారి శిశువులతో పోల్చితే 89 శాతం తక్కువ మార్ఫిన్ సరిపోయింది. ఆసుపత్రిలో చికిత్స పొందిన కాలం కూడా తగ్గింది. ప్రత్యేక కారణాలుంటే తప్ప తల్లిపాలు మాన్పించనక్కరలేదన్నది కూడా వైద్యుల సలహా.

చట్టం ఏమంటోంది?

అమెరికాలోని చార్లెస్టన్ నగరంలో ఒక ఆసుపత్రి గర్భిణులకు వారి అనుమతి లేకుండా కొకైన్ పరీక్షలు జరిపి ఫలితాలను పోలీసులకు అందించగా, అది రాజ్యాంగ విరుద్ధమని 2001లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టెనెసీ రాష్ట్రం 2014లో ఇటువంటి తల్లులను శిక్షించే చట్టం తెచ్చి, 2016లో దానిని కొనసాగించకుండా వదలివేసింది.

మన దేశంలో 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం వాడకాన్ని నేరంగానే పరిగణిస్తున్నప్పటికీ, స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చికిత్సకు ముందుకు వచ్చిన వ్యసనపరులకు 64-ఎ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తోంది. చికిత్సను మధ్యలో విడిచిపెట్టినవారికి మాత్రం ఆ రక్షణ తొలగిపోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని నిర్దేశించింది. మాదక ద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తాయి.

ఈ రక్షణల సంగతి తెలియక భయంతో ఇంటిపట్టునే దాగిపోయే గర్భిణి వల్ల నష్టపోయేది ఇద్దరు. ఆమెను నిందించకుండా, వీలైనంత త్వరగా ప్రసూతి వైద్యుల వద్దకు, వ్యసన చికిత్స నిపుణుల వద్దకు తీసుకువెళ్ళడమే కుటుంబం చేయగల మొదటి సాయం. సలహా కోసం 14446 నంబరులో జాతీయ ఉచిత సహాయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు.