వార్తల్లో పదం: సమాంతర సామర్థ్యం

సూపర్‌కంప్యూటర్ వార్త వస్తే టెరాఫ్లాప్‌ల (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు) సంఖ్యే శీర్షికకెక్కుతుంది. హైదరాబాద్ ఐఐటీలోని పరమ్ సేవదీ అంతే: 838 టెరాఫ్లాప్‌లు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయం వంటి చోట మెటీరియల్స్ సైన్స్ చదివేవారికి అసలు అవసరమైన అంకె వేరే ఉంది. అదే సమాంతర సామర్థ్యం.

ఒక పదార్థంలోని పరమాణువుల కదలికను లెక్కించే పనిని 64 కోర్లకు (ప్రాసెసర్‌లోని లెక్కించే భాగాలకు) పంచితే వేగం 16 రెట్లే పెరిగిందనుకోండి. 16ను 64తో భాగిస్తే సామర్థ్యం 25 శాతం. మిగతాది ఎదురుచూపులకు, సమాచార మార్పిడికి, పంచలేని పనికి పోయి ఉండొచ్చు. పనిలో పంచడానికి వీల్లేని భాగం 5 శాతం ఉన్నా, ఎన్ని కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదన సారం ఇది. వేరుశనగ చేలో ఎంతమంది కూలీలు దిగినా కాటా ఒక్కటే అయితే మూటలు వరుసలో ఉండాల్సిందే.

అన్ని లెక్కలూ ఒకేలా మొరాయించవు. పరమాణువుల కదలికను లెక్కించే లామ్స్ వంటి ప్రోగ్రాంలో ఒక్కో ప్రాసెసర్ తన వాటా పరమాణువులను చూసుకుంటూ, సరిహద్దు సమాచారాన్ని ప్రధానంగా ఇరుగుపొరుగుతోనే పంచుకుంటుంది. క్వాంటం ఎస్ప్రెస్సో అనే ప్రోగ్రాంలో ఎలక్ట్రాన్ల లెక్క మొదలైతే ఫోరియర్ రూపాంతరాల కోసం ప్రాసెసర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. నెట్‌వర్క్ నెమ్మదిస్తే అంతా ఆగుతుంది. అక్కడ కే-పాయింట్లను (ఎలక్ట్రాన్ల లెక్కను విడివిడిగా చేయగల నమూనా బిందువులను) గుంపులుగా విడగొడితే ఆ మాటలు తగ్గుతాయి. ఒకేసారి నడిపే ప్రాసెస్‌లు, వాటిలోని థ్రెడ్ల మొత్తం సంఖ్య కోర్ల సంఖ్యను మించడం మరో మామూలు పొరపాటు.

విద్యార్థులారా, 8, 16, 32 కోర్లపై చిన్న పరుగు పెట్టి చూశాకే సూపర్‌కంప్యూటర్‌లో పెద్ద వాటా అడగండి.