బొమ్మా బొరుసుల శాసనము

అమెరికా దేశపు ప్రయోగవాద స్వరకర్త జాన్ కేజ్, ఎనుబదియవ జన్మదినమునకు కొలది వారములు మాత్రమే మిగిలియుండగా, 1992 ఆగస్టు 12వ తేదీన న్యూయార్క్ నగరమున కన్నుమూసెను. మరుసటి సంవత్సరమున అతని స్మృత్యర్థము రెండు సీడీలుగా వెలువడిన ఆల్బమ్ 'ఎ ఛాన్స్ ఆపరేషన్'. అతని రచనలను పియానోపై పలికించిన డేవిడ్ ట్యూడర్ మొదలు, క్రోనోస్ తంత్రీవాద్య చతుష్టయము, యోకో ఓనో, లారీ ఆండర్సన్, జపాను స్వరకర్త ర్యూయిచి సకమోతో, రాక్ సంగీతమున తలబిరుసుకు పేరుమోసిన ఫ్రాంక్ జప్పా వరకు, ఒకరి సభకు మరియొకరు పోవుదురో లేదో చెప్పరానివారందరును అందు ఒక్క పందిరి క్రిందికి వచ్చిరి. ఆల్బమ్ పేరే దాని విషయము: యాదృచ్ఛికతను ఒక సాధనగా పట్టిన మనుష్యునికి ఏ రీతిని నివాళి యర్పింపవలెను?

యాదృచ్ఛికత యనగానే తోచినట్లు వాయించుటయని తలంచువారు పెక్కుమంది కలరు. కేజ్ పనితీరును దగ్గరనుండి చూచినచో ఆ తలంపు నిలువదు. 1951లో అతడు రచించిన 'మ్యూజిక్ ఆఫ్ ఛేంజెస్' అను పియానో కృతిని చూడుడు. మొదట ఒక పటమున ఎనిమిదేసి గళ్ల వరుసలు ఎనిమిది గీసి, అరువదినాలుగు గళ్లలో సగమింట ధ్వనులను, సగమింట మౌనమును నింపెను. కాలప్రమాణములకు వేరొక పటము, ధ్వనితీవ్రతకు మరియొకటి. పిదప మూడు నాణెములను ఆరు మారులు ఎగురవేసి, పడిన బొమ్మా బొరుసులను బట్టి 'ఐ చింగ్' అను ప్రాచీన చీనా గ్రంథమందలి అరువదినాలుగు రేఖాకృతులలో ఒకదానిని గుర్తించి, ఆ సంఖ్యగల గడిలో నేమున్నదో అదియే వ్రాసెను. ధ్వని, కాలము, తీవ్రత, ఈ మూటికే పదునెనిమిది మారులు నాణెములెగురవేయవలెను. ఇంతయు జరిగిన పిమ్మట వచ్చునది మౌనమైనను కావచ్చును! ముప్పదితొమ్మిదేండ్ల వయసున, తన చెవికి ఇంపైన దానిని ఎన్నుకొను హక్కును తానే త్యజించి, నెలల తరబడి ఈ గుమాస్తా పనిని నిష్ఠతో చేసిన వానిని సోమరి యనుట ఎట్లు?

ఆ గ్రంథమును అతనికిచ్చినది, పాఠములకై వచ్చుచుండిన క్రిస్టియన్ వుల్ఫ్ అను బాలుడు. తండ్రి పుస్తక ప్రచురణకర్త యగుటచే ఇంట అచ్చయిన ప్రతిని తెచ్చి గురువు చేతిలో పెట్టెను. శిష్యుడిచ్చిన గురుదక్షిణ గురువు దారినే మార్చుట సంగీత చరిత్రలో తరచుగా కానవచ్చునది కాదు.

భారతదేశమునకు ఇందు భాగము లేకపోలేదు. అహమ్మదాబాదు నుండి వచ్చిన గీతా సారాభాయి కేజ్ యొద్ద పాశ్చాత్య సంగీతము నేర్చుకొనుచు అతనికి మన సంగీతమును నేర్పెను; చిత్తమును నెమ్మదింపజేసి దైవప్రభావమునకు పాత్రము గావించుటయే సంగీత ప్రయోజనమని తన గురువు చెప్పిన మాటను వినిపించెను. 1946-48 నడుమ, తీగల సందున మరమేకులను, రబ్బరు ముక్కలను దూర్చి సిద్ధపరచిన పియానోకై అతడు రచించిన 'సొనాటాస్ అండ్ ఇంటర్లూడ్స్' నవరసములను ఉద్దేశించినవి. ఇది విని మనము పొంగిపోవుటకు ముందు, ఆ తరువాత మూడేండ్లకే అతడు రసములను పక్కకుపెట్టి నాణెములను చేతబట్టెనని జ్ఞాపకముంచుకొనుట మంచిది. మన గాయకుని మనోధర్మమునకును దీనికిని పోలిక వెదకువారు సరిగా తలక్రిందులుగా వెదకుచున్నారు. మనోధర్మము సాధనచే, స్మృతిచే, అభిరుచిచే పండినది. కేజ్ తప్పించుకొనగోరినవి సరిగా ఆ మూడే. ఆశువాద్యమును సైతము అతడు చాలకాలము ఈ కారణముననే నమ్మలేదు.

ఇక ఆల్బమ్ విషయము. గ్రామఫోను రికార్డు యాదృచ్ఛికతకు పుట్టుశత్రువు: ఒకనాడు పడిన నాణెమును అది శాశ్వతముగా బొమ్మవైపే నిలుపును. రికార్డులయెడ కేజ్‌కు గల విముఖత ప్రసిద్ధము. అట్టివానికి సీడీ రూపమున నివాళి యర్పించుటలోని వైరుధ్యమును నిర్మాతలు గ్రహించిరనియే తోచుచున్నది. పలు రచనలను చిన్న చిన్న ట్రాకులుగా విడగొట్టి, శ్రోత తన యంత్రముమీది 'షఫుల్' మీటను నొక్కినచో అవి ప్రతిమారును వేరొక వరుసలో కలిసివచ్చునట్లు కూర్చిరి.

అందు జప్పా చేపట్టినది '4'33"'. 1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రపు ఉడ్‌స్టాక్ చేరువ మావెరిక్ సభాభవనమున ట్యూడర్ పియానో మూతను మూసి, మూడు భాగములుగా కాలమును మాత్రమే కొలిచి, ఒక్క స్వరమును పలికింపక లేచిపోయిన రచన యిది. సభలో దానికి అర్థము స్పష్టము: వెలుపలి గాలి, వాన చినుకులు, జనుల గుసగుసలే సంగీతము. రికార్డుపై నేమగును? జప్పా గదిలోని మౌనము మన గదిలోని మౌనముపై పడును. ఫ్యాను చప్పుడు ఇక్కడిదే, కుర్చీ కిర్రుమనుట అక్కడిదో ఇక్కడిదో తెలియదు. తన వాద్యబృందముచే ప్రతి స్వరమును పట్టుపట్టి పలికించుకొను జప్పా, వాయించుటకేమియు లేని కృతిని పైకెత్తుకొనుట నాకు ఈ ఆల్బమ్‌లో కెల్ల నిజమైన వినయముగా కనబడుచున్నది. ఆల్బమ్ వెలువడిన యేటి డిసెంబరులోనే అతడును మరణించెను.

తక్కినవారిలో కొందరు కేజ్‌ను గూర్చి తమ తమ గొంతులతోనే మాటాడిరి; అది తప్పు కాదు గాని, అతడు విడువగోరిన స్వీయముద్రయే అందు ప్రస్ఫుటము. షఫుల్ మీట ఆ లోపమును కొంత సవరించును. ఒకరి రచన నడుమ మరియొకరి తునుక వచ్చి పడినపుడు ఎవరి ప్రతిష్ఠయు నిలువదు. అయితే కేజ్ లెక్కలో ఇది అరకొర పనియే: అతని నాణెములు ప్రతి ధ్వనిని ఎంతసేపు, ఎంత బిగ్గరగా, అసలుండవలెనా యని ప్రశ్నించెను; ఈ యంత్రమునకు తెలిసినది వరుస మార్చుట యొక్కటే. అంతమాత్రపు సాయమునైనను కాదని, అట్టమీద అచ్చొత్తిన క్రమముననే వినువారికి ఈ ఆల్బమ్ ప్రసిద్ధుల పేర్ల పట్టికగా మిగులు ప్రమాదము కలదు.